దక్షిణం గోడ

ధవళేశ్వరం,
4 నవంబరు 2024, సోమవారం.

తబితకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక మీ అత్తగారు సంపూర్ణమ్మగారు గుడి మెట్ల మీద కనిపించారు. రాజమండ్రిలో ఏదో పెళ్ళికి వచ్చి, మా గుడికి కూడా వచ్చారు. “మా కోడలి ఇల్లు స్లాబుకొచ్చేసిందండి జ్ఞానమ్మగారూ! దక్షిణం వైపు ఒక్క కిటికీ లేకుండా కడుతున్నారండి. ఇంజనీరుగారు వాస్తు ఎంత బాగా చూశారో!” అన్నారు. ఆవిడ అంత సంతోషంగా చెబుతుంటే మెట్ల మీద అరవలేక ఇంటికి వచ్చేశాను. ఆ అరుపు ఈ కాగితం మీద ఉంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ‘ఊఁ’ అంటావు. అది ఒప్పుకోవడమో, వినడమో, పాలు పొంగకుండా చూసుకోవడమో నాకు తెలియదు. కాగితం మీద ‘ఊఁ’ కుదరదు. జవాబు కూడా కాగితం మీదే రాయి.

వాస్తు నమ్మేవాళ్ళు నమ్మకంతో కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. నువ్వు నమ్మవు. మీ ఆయన విజయ్ పాల్ నమ్మడు. మీ ముత్తాత లూథరన్ మిషన్‌లో ఉపదేశి. మరి దక్షిణం గోడ మూయమన్నది ఎవరు?

నేనేదో గాలి కోసం మారాం చేస్తున్నాననుకోకు. కిందటి మే నెలలో, మీరు అద్దెకున్న ఆ మేడమీది రేకుల పోర్షన్లో నువ్వు స్పృహ తప్పి పడిపోయావు. నాలుగో నెల బిడ్డ దక్కలేదు. ఎండ వల్లేనని డాక్టరమ్మ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇప్పుడు నీకు మళ్ళీ మూడో నెల. వచ్చే మేలో కాన్పు. మీ అమ్మ లేదు కాబట్టి పురుడు పోయవలసింది నేను. ఆ బిడ్డ మొదటి నెల గడిపేది ఈ కొత్త ఇంట్లోనే, రోహిణి కార్తె ఎండల్లోనే. అందుకని ఈ ఇల్లు చల్లగా ఉండాలి. ఇంకే అందమూ నాకు అక్కరలేదు.

స్లాబు వేసిన మర్నాటి నుంచి దాని మీద మట్టిగట్లు కట్టి, వరిమడిలా నీళ్ళు నిలబెట్టాలి. మేస్త్రి రెండు బకెట్లు చల్లి “తడిపేశామండి” అంటే ఒప్పుకోకు. పడమటి గోడ తొమ్మిదంగుళాలు ఉండాలి. ఇటుక మిగులుతుందని నాలుగున్నర అంగుళాలకు దింపితే సాయంత్రానికి ఆ గోడ పొయ్యి అవుతుంది. మెట్లు, స్నానాల గది, సామాన్ల గది అన్నీ పడమటి వైపుకే నెట్టించు. మనుషుల బదులు అవి ఎండను భరిస్తాయి.

ఇంటి ప్లాను నకలు ఒకటి పంపు.

అమ్మమ్మ,
జ్ఞానమ్మ

*

రామచంద్రపురం,
11 నవంబరు 2024.

అమ్మమ్మకు తబిత వందనాలు.

మీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. స్టాఫ్ రూములో చదువుతుంటే తెలుగు మాస్టారు “ఈ కాలంలో ఉత్తరాలేంటండి, కోర్టు నోటీసా?” అన్నారు. దాదాపు అంతేనండి అన్నాను.

ఒంట్లో బాగానే ఉంది. పొద్దున పూట వాంతులు. పచ్చిమామిడి దొరకని కాలంలో దాని మీదే ధ్యాస. అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు తయారుచేస్తున్నాం.

గురువారం స్లాబు. మీరు చెప్పినట్టే నీళ్ళు నిలబెట్టిస్తాను. పడమటి గోడ తొమ్మిదంగుళాలకు ఇంజనీరు సురేష్‌బాబుగారు ఒప్పుకున్నారు. మెట్లూ అటే వస్తున్నాయి. ప్లాను జత చేశాను.

దక్షిణం సంగతి ఆయన మాటల్లోనే రాస్తాను. “మేడమ్, మీరు నమ్మకపోయినా కొనేవాళ్ళు నమ్ముతారండి. రేపెప్పుడైనా అమ్మాలంటే, సౌత్‌లో ఓపెనింగ్స్ ఉంటే పార్టీలు వెనక్కి పోతారండి.” అది కూడా నిజమే కదా అమ్మమ్మా. అయినా పడకగదిలో ఏసీ పెట్టిస్తున్నాం. ఏసీ ఉన్న గదికి కిటికీలు ఎన్ని ఉంటే అంత నష్టమట.

మేస్త్రి పోతురాజు ముందు పిల్లరుకి దిష్టికని బూడిద గుమ్మడికాయ కట్టాడు. వద్దంటే నొచ్చుకుంటాడని ఊరుకున్నాను. కోప్పడకండి.

మీ మోకాలు ఎలా ఉంది?

మీ తబిత

*

ధవళేశ్వరం,
16 నవంబరు 2024.

తబితకు,

గుమ్మడికాయ మీద నాకు కోపం లేదు. వడియాలు పెట్టుకోవలసిన కాయ అలా వేలాడుతోందన్న విచారం తప్ప. మోకాలు అలాగే ఉంది. లేకపోతే ఈపాటికి రామచంద్రపురం బస్సులో ఉండేదాన్ని.

నాకు ఒక మనిషి వివరాలు కావాలి. రేపెప్పుడో మీ ఇల్లు కొనబోయే ఆ పెద్దమనిషి ఎవరు? పేరేంటి? ఉద్యోగమేంటి? మీ ఇంటికి గోడలు లేవకముందే ఆయన సౌకర్యం చూస్తున్నారు కదా, మరి మే నెలలో ఆ గదిలో పడుకునేది ఆయనా? పురిటి మంచం మీద ఆయన ఉంటారా? ఇల్లు కట్టుకునేవాళ్ళు అమ్ముకునేవాళ్ళలా ఆలోచిస్తే ఆ ఇంట్లో ఎవరూ సుఖంగా బతకరు. కట్టినవాళ్ళకు ఉక్క, కొన్నవాళ్ళకూ ఉక్క.

ఇక ఏసీ. మే నెల సాయంత్రం మన వైపు కరెంటు ఎన్నిసార్లు పోతుందో నీకు నేను చెప్పాలా? కిటికీ లేని గదిలో ఏసీ ఆగిపోతే దాన్ని గది అనరు, మూత పెట్టిన ఇడ్లీపాత్ర అంటారు. ఇంకొకటి. ఏసీ చల్లబరిచేది గాలిని. నీ నెత్తిమీది స్లాబును కాదు. ఆ స్లాబు పగలంతా ఎండ తాగుతుంది, పొద్దుపోయాక తాగినదంతా గదిలోకి కక్కుతుంది. నాది కూడా డాబాయే కదా. ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని ఊరికే నమ్మకుండా కప్పు కింద థర్మామీటరు వేలాడదీసి చూశాను. మధ్యాహ్నం కంటే రాత్రి భోజనాల వేళకే వేడి ఎక్కువ. మరుసటి సంవత్సరం డాబా మీద తెల్ల పింగాణీ పెంకులు పరిపించాక అదే వేళకు నాలుగు డిగ్రీలు తగ్గింది. టైల్స్ కొట్టులో పగిలిన తెల్లటి ముక్కలు బస్తాల్లో పడి ఉంటాయి. వాటిని పరవాలి. అంతకుముందు వాన నీరు ఒక మూలకు పోయేలా వాటం పెట్టించాలి. వాటం లేని డాబా మీద పెంకులు వేస్తే కింద చెమ్మ, పైన నాచు.

వాటం పొర కింద థర్మకోల్ పలకలు పరిస్తే ఇంకా మేలు. పాల ఐసు అమ్మేవాడి పెట్టెలో ఏముంటుందో చూశావు కదా. బయటి వేడిని లోపలికి రానివ్వని సరుకు అది. ఐసు కోసం చేసిన పని మనుషుల కోసం చేయడానికి ఇంత వాదన ఎందుకో నాకు అర్థం కాదు.

ఈ కింది నాలుగు వాక్యాలు యథాతథంగా ఆ సురేష్‌బాబుకు పంపు. నీ వ్యాఖ్యానం చేర్చకు.

‘అయ్యా, స్లాబు మీద నీరు పోయే వాటం, దాని కింద థర్మకోల్, పైన తెల్ల పెంకులు తప్పక వేయించగలరు. కిటికీలపై ఎండ పడకుండా రెండడుగుల సన్‌షేడ్ ఉండాలి. పడకగదిలో పైరగాలికి ధారాళంగా దారులు వదలాలి. ఈ దారుల విషయంలో రాజీ పడవద్దు.’

అమ్మమ్మ,
జ్ఞానమ్మ

*

రామచంద్రపురం,
14 డిసెంబరు 2024.

అమ్మమ్మకు తబిత వందనాలు.

ఆలస్యానికి క్షమించండి. పరీక్షలు, ఆ తర్వాత రెండు తుపాను సెలవులు, ఆ సెలవులకు బదులుగా ఆదివారం బడి.

మీకు సంతోషం కలిగించే కబురు. మీరు చెప్పినవన్నీ జరుగుతున్నాయి. సురేష్‌బాబుగారు మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియమట, మీ గొలుసుకట్టు రాత చదవలేనన్నారు. అందుకని మీ నాలుగు వాక్యాలూ ఫోనుకు చదివి వినిపించి, అది టైపు చేసింది పంపాను. ఆయన చదివి ఎంత మెచ్చుకున్నారో! “మీ అమ్మమ్మగారు సైన్స్ టీచరా మేడమ్? పై గాలి కాన్సెప్ట్ కరెక్టండి. హాట్ ఎయిర్ ఎప్పుడూ పైకే కదండీ” అన్నారు. పడకగది దక్షిణం గోడకు సరిగ్గా బీము కింద, వరసగా నాలుగు వెంటిలేటర్లు పెట్టించారు. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. పై గాలికి దారి దొరికింది, వాస్తుకూ ఇబ్బంది లేదు, ఏసీ చలవా పోదు అన్నారు.

గోడలు లేచిపోయాయి. ఇక ప్లాస్టరింగే. జనవరి చివర్లో గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుందామని పాస్టరుగారు అన్నారు. వాక్యం మీరే చదవాలి.

క్రిస్మస్‌కు మేము ధవళేశ్వరం వస్తాం. విజయ్ మీకు చలికోటు కొన్నాడు. అది సర్‌ప్రైజ్, నేను చెప్పలేదనుకోండి.

మీ తబిత

*

ధవళేశ్వరం,
18 డిసెంబరు 2024.

తబితా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నా కళ్ళద్దాలది తప్పనుకున్నాను.

పైరగాలి అంటే పై గాలి కాదు.

ఎండాకాలంలో పొద్దు వాలాక సముద్రం మీది నుంచి, దక్షిణం నుంచి, చేల మీదుగా వచ్చే చల్లగాలి పైరగాలి. ఈ డెల్టాలో పుట్టిన ఏ మనిషికీ దాని దిక్కు చెప్పనక్కరలేదు. అందుకే నేను దిక్కు రాయలేదు. ఆ గాలి కోసమే మంచాలు వాకిట్లో వేసుకుని పడుకునేవాళ్ళం. నువ్వు నా పక్కలో పడుకుని “అమ్మమ్మా, గాలొచ్చింది” అనేదానివి. ఎనిమిదో తరగతి తెలుగులో నీకు తొంభై రెండు మార్కులు. ఫోనుకు ఆ మాట తెలియకపోతే పోనీ, అది కంపెనీవాడు చేసిన వస్తువు. ఆ ఇంజనీరుకు తెలియకపోవడం అతనికి చదువు చెప్పినవాళ్ళకు సిగ్గు. నీకేమైంది? పంపేముందు ఒకసారి చదవలేదా? చదివితే నవ్వొచ్చి ఉండాలే!

పైన వెంటిలేటర్లు పెట్టడం తప్పని నేననను. వేడిగాలి అక్కడి నుంచే బయటికి పోతుంది. అవి ఉండనివ్వు. కానీ లోపలికి వచ్చేది ఏది? పోవడానికి దారి ఉండి, రావడానికి దారి లేని గదిలో గాలి ఎక్కడి నుంచి పుడుతుంది? మనిషి నడుము ఎత్తున, మంచం ఎత్తున రావాలి గాలి. సీలింగుకు ఉక్క పోయదు.

గోడలు లేచిపోయాయని తీర్పు చెప్పినట్టు రాశావు. మీ ఇల్లు పిల్లర్ల మీద, బీముల మీద నిలబడింది. మధ్యలో గోడ బరువు మోయడం లేదు. గోడ కోసి, పైన చిన్న లింటల్ వేసి, కిటికీ పెట్టవచ్చు. ప్లాస్టరింగ్ కాకముందే చేయాలి. ఆ పని జరగకపోతే నేను ప్రార్థనకు రాను, వాక్యమూ చదవను. గాలి ఆడని గదిని ఆశీర్వదించమని దేవుణ్ణి అడగడానికి నాకు మొహం లేదు.

ఒక వేసవి చాలలేదా నీకు?

జ్ఞానమ్మ

*

రామచంద్రపురం,
27 డిసెంబరు 2024.

అమ్మమ్మా,

క్రిస్మస్‌కు మేము ఎందుకు రాలేదో మీకు తెలుసు. విజయ్‌తో ఒంట్లో బాగాలేదని చెప్పించాను. ఒంట్లో బాగానే ఉంది. నాలుగో నెల దాటింది. ఆ సంగతి మీకు మొదట చెప్పాలనుకున్నాను. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

చాలింది అమ్మమ్మా. ఒక వేసవి చాలింది.

పైరగాలి అంటే నాకు తెలుసు. ఫోను ‘పై గాలి’ అని టైపు చేయడం చూశాను. దిద్దలేదు. అలాగే పంపాను.

ఇది విజయ్‌కు కూడా తెలియదు. పిల్లర్లు లేచాక ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా సైటుకు వెళ్ళాను. పడకగది ఇదీ అని ముగ్గుపిండితో గీత గీసి ఉంది. మంచం ఎక్కడ వేస్తామో అక్కడ నిలబడి దక్షిణం వైపు చూశాను. రోడ్డు అవతల సరిగ్గా ఎదురుగా ఆ మేడ. పైన ఆ రేకులు, నీలం ట్యాంకు, పక్కన ఇనప మెట్లు. విజయ్, మేడ కిందివాళ్ళ అబ్బాయి ఇద్దరూ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దింపిన మెట్లు. సైటు విజయ్ వాళ్ళ తాతగారిది. చిన్నప్పటి నుంచి తెలిసిన చోటని ఎదురుగానే అద్దెకు దిగాం. అక్కడ ఉన్నన్నాళ్ళూ మేమూ ఆ మెట్ల మీద కూర్చుని మా స్థలం చూసుకునేవాళ్ళం. ఇటు నుంచి అటు చూడవలసి వస్తుందని నాకు తట్టలేదు.

అక్కడిప్పుడు వేరేవాళ్ళు దిగారు. తీగ మీద పసిపిల్ల లంగోటీలు ఆరేసి ఉన్నాయి.

మర్నాడు సురేష్‌బాబుగారు “సౌత్ క్లోజ్ చేసేద్దామండి మేడమ్” అన్నారు. మూసేయండి అన్నాను. ఆయన ఇంకా కారణాలు చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. వాస్తు అంటే అత్తయ్య సంతోషించారు, అమ్మకం అంటే విజయ్ ఒప్పుకున్నాడు. మీరొక్కరే ఊరుకోలేదు.

పొద్దున లేవగానే ఆ మెట్లు చూడలేను. పాలిచ్చేటప్పుడు చూడలేను. ఉక్కపోస్తే విసనకర్రతో విసురుకుంటాను. మీరు ప్రార్థనకు రాకపోతే పాస్టరుగారే వాక్యం చదువుతారు.

తబిత

*

ధవళేశ్వరం,
2 జనవరి 2025.

తబితకు అమ్మమ్మ ఆశీస్సులు.

నాలుగో నెల దాటినందుకు దేవునికి స్తోత్రం. నీ ఉత్తరం అందగానే గుడికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను.

నా కిందటి ఉత్తరంలో ఆఖరి వాక్యం నేను రాయకూడనిది. నీ దగ్గరున్న కాగితం మీద సిరాతో కొట్టేయి. పెన్సిలుతో కాదు.

నా కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది. డాబా మీద మిగిలిన జాగాలో నాలుగు గోడలు లేపి, నెత్తిన రేకులు పరిచి, దానికి ‘పోర్షన్’ అని పేరు పెట్టి, పచ్చి బాలింతలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు అద్దెకిచ్చి, తాము కింద చల్లగా కూర్చునేవాళ్ళ మీద. పశువుల పాకకైనా మనవాళ్ళు తాటాకు కప్పుతారు, పశువుకు వేడి తగులుతుందని. మీరు ఖాళీ చేశారు. ఆ రేకులు ఖాళీ కాలేదు. అక్కడ లంగోటీలు ఆరుతున్నాయని నువ్వు రాసిన దగ్గర నుంచి నాకు అన్నం సరిగ్గా సహించడం లేదు.

నువ్వు చూడలేనంటే, చూడు అని నేననను. ధైర్యం తెచ్చుకోమని కూడా అనను. ధైర్యం సిమెంటు కాదు, బస్తాలో తెప్పించుకోవడానికి. నీ కష్టం చూపుతో. బిడ్డకు కావలసింది గాలి. గోడ మూస్తే రెండూ పోయాయి. చూపు ఒక్కటే ఆగి, గాలి వచ్చే ఉపాయం ఉంది. నాకు ముందే చెప్పి ఉంటే ముందే రాసేదాన్ని.

ఇక్కడ ఆనకట్ట దగ్గర ఇరిగేషన్ వాళ్ళ పాత బంగళాలకు ఇప్పటికీ పలకల తలుపులు ఉన్నాయి. అడ్డంగా చెక్కపలకలు, ఒకదాని మీదికి ఒకటి దిగేలా, బయటివైపుకు కిందికి వాలి ఉంటాయి. ఆ వాలు వల్ల వాన లోపలికి రాదు, గాలి వస్తుంది. లోపల నిలబడి చూస్తే మీ వాకిలి, నీ పూలకుండీలు, రోడ్డు అంచు కనిపిస్తాయి. పైకి చూపు పోదు. మేడ పైభాగం అసలే కనిపించదు. నిన్న మా గుడి సెక్రటరీ చంద్రరావుగారి కారులో వెళ్ళి, కాపలావాణ్ణి అడిగి లోపల నిలబడి, కూర్చుని, ఆ వరండా బల్ల మీద ఒరిగి కూడా చూశాను. కాపలావాడు “ఒంట్లో బాలేదా అమ్మగారూ?” అని మంచినీళ్ళు తెచ్చాడు. ఎలా చూసినా చూపు నేల మీదే పడింది. మొహానికి గాలి తగిలింది.

ఆ తలుపులకు గడియ లోపలే ఉంటుంది. పూర్తిగా తెరవాలని నీకెప్పుడైనా అనిపిస్తే తెరుస్తావు. ఎప్పటికీ అనిపించకపోయినా గాలి వస్తూనే ఉంటుంది.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరమూ, నువ్వు నాకు రాసిన ఉత్తరమూ (జత చేశాను) ఈ రోజే విజయ్ పాల్‌కు చదవడానికి ఇవ్వు. ఒకే ఇంట్లో ఉండబోయేవాళ్ళు ఒక గోడ కారణాన్ని ఒకరికొకరు తెలియకుండా మోయకూడదు.

2. దక్షిణం గోడకు ప్లాస్టరింగ్ ఆపించు. సురేష్‌బాబుకు తెలుగులో కాదు, బొమ్మ గీసి పంపాను. దానిలో బాణం గుర్తు ఉంది. బాణం దక్షిణం నుంచి వస్తుంది.

3. మంచం ఎత్తుకు కాస్త పైన మొదలయ్యేలా రెండు కిటికీలు కోయించాలి. పలకల తలుపులు, లోపలివైపు దోమల జాలీ, పైన రెండడుగుల సన్‌షేడ్. వీటికి ఎదురుగా ఉత్తరం గోడకు ఉన్న కిటికీ చిన్నది. పెద్దది చేయించు. వచ్చిన గాలికి పోయే దారి కూడా కావాలి.

4. వాటం, థర్మకోల్, తెల్ల పెంకులు ఫిబ్రవరి దాటకూడదు. పెంకుల మధ్య సందులు పూడ్చేటప్పుడు తెల్ల సిమెంటు వాడాలి, నల్లది కాదు.

5. కొనబోయే పెద్దమనిషి వస్తే నా దగ్గరకు పంపు.

6. ప్రార్థనకు వస్తున్నాను. వాక్యం నేనే చదువుతాను. చలికోటు అక్కడే వేసుకుంటాను. ఆ సంగతి నాకు తెలియదు.

7. ఆ రేకుల మీద మార్చిలోపు తెల్లసున్నం రెండు పూతలు పడాలి. దాని మీద కొబ్బరాకులు మందంగా పరిచి, ఎగిరిపోకుండా తాళ్ళతో బిగించాలి. గది లోపల రేకుల కింద ఒక జానెడు ఖాళీ వదిలి చాపలు కట్టాలి. ఇంటివాళ్ళు కుదరదంటే నేను మాట్లాడతాను. ఇదంతా ఆ పసిపిల్ల తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి. ప్రార్థన అయ్యాక మనిద్దరం రోడ్డు దాటి వెళదాం. మెట్లు నేను ఎక్కుతాను, మోకాలు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కింద నిలబడి, ఆమె పేరేంటో కనుక్కుని, పైకి కేకెయ్యి.

అమ్మమ్మ,
జ్ఞానమ్మ